బెన్-మై-క్రీ: విమానాలను మోసిన ప్రయాణికుల ఓడ

యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వాలు తమ సైన్యంతో మాత్రమే సరిపుచ్చుకోవు. రైతుల గుర్రాలను, వర్తకుల బండ్లను, రైలు కంపెనీల ఇంజనులను స్వాధీనం చేసుకొంటాయి. సముద్రంమీద ఆధారపడిన దేశమైతే వర్తక నౌకలను కూడా పిలుస్తుంది. నిన్నటివరకు నూలు, ధాన్యం, ప్రయాణికులు మోసిన ఓడమీద నేడు ఫిరంగులు నిలుస్తాయి. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైన తరువాత బ్రిటన్‌లో ఇట్లు పిలువబడిన ఓడలు వందలకొలది ఉన్నవి. వాటిలో కొన్ని సైనికులను మోశాయి. కొన్ని ఆసుపత్రులయ్యాయి. కొన్ని, శత్రువు నీటిలో అమర్చిన మైనులను ఏరివేశాయి. కొద్ది ఓడలకు మాత్రం అంతవరకు ఓడలకు అలవాటులేని పని ఒకటి అప్పగించారు. విమానాలను నడిసముద్రానికి మోసుకొనిపోయి, అక్కడినుండి ఎగురవేసి, మరల పైకి తీసుకొనడమే ఆ పని. అప్పటికి విమానం వయస్సు పదకొండేళ్లు.

ఆ కొద్ది ఓడలలో బెన్-మై-క్రీ ఒకటి. విహారయాత్రికులను తిప్పుతూ వచ్చిన ఆ ఓడ ఇట్టి పనికి ఎట్లు తగినది? ఏ గుణాలను చూచి దానిని ఎన్నుకొన్నారో ఆ గుణాలు ఎంతవరకు దానిని కాపాడాయి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చాలవరకు హైస్కూలు భౌతికశాస్త్రంలోనే దొరుకుతుంది.

హృదయేశ్వరి

బ్రిటన్‌కు, ఐర్లండుకు నడుమనున్న సముద్రంలో మాన్ అనే చిన్న ద్వీపమున్నది. ఆ ద్వీపవాసుల పాత భాష మాంక్సు. ఆ భాషలో ‘బెన్-మై-క్రీ’ అంటే ‘నా హృదయేశ్వరి’ అని అర్థం. ఐల్ ఆఫ్ మాన్ స్టీమ్ పాకెట్ కంపెనీవారికి ఈ పేరంటే మక్కువ ఎక్కువ. ఈ పేరు పెట్టిన వారి ఓడలలో ఇది మూడవది. బారో పట్టణంలోని విక్కర్స్ కర్మాగారంలో తయారై 1908 మార్చిలో నీటిలోకి దిగినది. పొడవు సుమారు 390 అడుగులు, వెడల్పు 46 అడుగులు. ఒక్కసారి సుమారు 2,500 మంది ప్రయాణికులు ఎక్కవచ్చును. వేసవి సెలవులలో లివర్‌పూల్ నుండి ద్వీపంలోని డగ్లస్ రేవుకు విహారయాత్రికులను చేరవేయడమే దాని పని. దూరం సుమారు 80 మైళ్లు. ప్రయాణకాలం సుమారు మూడు గంటలు.

మూడు గంటలలో 80 మైళ్లు! నేటి రైలు ప్రయాణికులకు ఇది గొప్పగా తోచకపోవచ్చును. కాని నీటిమీద ఇది సామాన్యమైన వేగం కాదు. సముద్రంమీద వేగాన్ని ‘నాట్’లలో లెక్కిస్తారు, ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు. ఆనాటి సామాన్యమైన సరకుల ఓడ పది నాట్‌ల వేగంతో నడిస్తే మంచి ఓడ అనేవారు. బెన్-మై-క్రీ వేగం 24 నాట్‌లకు పైబడినది.

ఈ వేగం ఆవిరి టర్బైను ఇచ్చినది. పాత రకపు ఆవిరి ఇంజనులో పిస్టను ఒక కొసకు పోయి, అక్కడ ఆగి, వెనుదిరిగి రావలెను. చక్రం ఒక్కసారి తిరిగేలోపల బరువైన ఇనుపకడ్డీలు రెండుమార్లు ఆగి, రెండుమార్లు బయలుదేరుతాయి. వేగం పెంచినకొలది ఈ ఆగడం, బయలుదేరడం ఓడనంతటిని అదరగొడుతుంది. టర్బైనులో ఇట్లు ముందుకు వెనుకకు ఊగే భాగమే లేదు. ఆవిరి సన్నని మార్గాలగుండా దూసుకొనివచ్చి, ఇరుసుచుట్టూ వరుసలు వరుసలుగా అమర్చిన రెక్కలను తోసి, ఇరుసును ఒకే దిక్కుకు తిప్పుతూ పోతుంది. గాలిమర తిరిగే తీరు ఇదే. గాలికి బదులు ఆవిరి. చార్లెస్ పార్సన్స్ 1884లో ఈ యంత్రాన్ని తయారుచేశాడు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ సందర్భంలో బ్రిటిష్ యుద్ధనౌకలు బారులు తీరి ఉండగా, ఆయన చిన్న ఓడ ‘టర్బీనియా’ సుమారు 34 నాట్‌ల వేగంతో వాటి నడుమ పరుగులు తీసినది. నౌకాదళపు పెద్దలకు అంతకు మించిన సిఫారసు అక్కరలేకపోయినది. ప్రయాణికుల ఓడలలో మొదట టర్బైను పెట్టుకొన్నది 1901లో క్లైడ్ నదిలో నడిచిన ‘కింగ్ ఎడ్వర్డ్’. ఏడేళ్లకు బెన్-మై-క్రీ మూడు ఇరుసులకు టర్బైనులు పెట్టుకొని బయలుదేరినది.

ఈ సౌఖ్యం ఊరకే రాలేదు. టర్బైను వేగంగా తిరిగినప్పుడే ఆవిరిని పొదుపుగా వాడుతుంది. ప్రొపెల్లరు మాత్రం నీటిలో నెమ్మదిగా తిరిగినప్పుడే బాగా పనిచేస్తుంది. ఆ రోజులలో ఈ రెండింటిని ఒకే ఇరుసుకు బిగించేవారు గనుక ఒకదాని ఇష్టం రెండవదానికి కష్టం. నిదానంగా నడిస్తే బొగ్గు దండుగ. ఇట్టి ఓడకు లాభసాటి అయిన నడక పరుగే.

నౌకాదళం పిలుపు

యుద్ధం వచ్చిన తరువాత విహారయాత్రలు ఎక్కడివి? మాన్ ద్వీపానికి పోయే జనం తగ్గారు. ఓడలు రేవులలో ఖాళీగా నిలిచాయి. సరిగా అప్పుడే నౌకాదళానికి ఒక కొత్త అవసరం పుట్టినది.

జర్మనీవారి జెప్పలిన్‌లు సముద్రంమీద చాలాదూరం తిరిగి బ్రిటిష్ నౌకల జాడ కనిపెట్టేవి. వాటి షెడ్లమీద బాంబులు వేయవలెనంటే విమానాలు కావలె. ఆనాటి విమానాలు ఇంగ్లండు నేలమీదనుండి బయలుదేరి జర్మనీ తీరానికి పోయి తిరిగిరాలేవు. కాబట్టి వాటిని ఓడమీద మోసుకొని దగ్గరకు చేర్చవలసివచ్చినది. 1914 డిసెంబరు 25న ‘ఎంగడీన్’, ‘రివియెరా’, ‘ఎంప్రెస్’ అనే మూడు ఓడలు తొమ్మిది నీటివిమానాలతో జర్మనీ తీరపు కుక్స్‌హావెన్ దరిదాపులకు పోయాయి. ఈ మూడూ అంతకుముందు ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ ప్రయాణికులను దాటించిన ఓడలే. తొమ్మిదింటిలో ఏడు విమానాలు లేచాయి. అవి చేసిన నష్టం స్వల్పమే అయినా, ఇట్లు చేయవచ్చునని రుజువైనది. సరిగా వారం తరువాత, 1915 జనవరి 1న, బెన్-మై-క్రీని నౌకాదళం తీసుకొన్నది.

అసలైన యుద్ధనౌకను ఇందుకు వాడకూడదా? వాడవచ్చును, కాని దానిమీద ఫిరంగులు, కవచాలు పోగా విమానానికి చోటెక్కడిది? సరకుల ఓడకు చోటున్నది గాని వేగం లేదు. యుద్ధనౌకల వెంట అది నడువలేదు. చోటు, వేగం రెండూ కావలెనంటే ప్రయాణికులను దాటించే ఓడే తగినది. విశాలమైన డెక్కు, ఎత్తైన పక్కలు, 24 నాట్‌ల వేగం: ఇవన్నీ విహారయాత్రికుల సంతోషం కొరకు ఏర్పడినవే.

బర్కన్‌హెడ్‌లోని కామెల్ లెయిర్డ్ కర్మాగారంలో మార్పులు జరిగాయి. ఓడ వెనుక భాగంలో గదులను తీసివేసి విమానాలకు పెద్ద షెడ్డు కట్టారు. విమానాలను ఎత్తి నీటిలో దింపడానికి, తిరిగి పైకి తీయడానికి క్రేనులు పెట్టారు. ముందు భాగంలో సుమారు 60 అడుగుల పొడవున్న చెక్కవేదిక, దానిమీద పట్టాలు. ఆత్మరక్షణకు చిన్న ఫిరంగులు కొన్ని. నాలుగు మొదలు ఆరు విమానాలవరకు షెడ్డులో పట్టేవి. వాటిలో పెద్దవి షార్ట్ 184 రకానివి. వీటి రెక్కల విస్తీర్ణం 63 అడుగులు, ఓడ వెడల్పు 46 అడుగులు! అందుకే పక్షి వాలిన తరువాత రెక్కలు ముడుచుకొన్నట్లు, ఈ విమానాల రెక్కలు వెనుకకు మడుచుకొనేటట్లు చేశారు. నేటి విమానవాహక నౌకలమీదకూడా రెక్కలు మడిచే పద్ధతి ఉన్నది.

ఆగితే అపాయం, ఆగకపోతే ఎట్లు?

నీటివిమానానికి చక్రాలుండవు. వాటికి బదులు పడవ ఆకారంలో బోలు పెట్టెలుంటాయి, వాటిని ఫ్లోటులంటారు. ఎగరవలెనంటే ఓడ ఆగవలె. క్రేనుతో విమానాన్ని నీటిలో దింపవలె. అది అలలమీద పరుగెత్తి లేవవలె. తిరిగివచ్చిన తరువాత ఓడ మరల ఆగి పైకి తీసుకొనవలె. వినడానికి ఇది తేలికగానే ఉన్నది. అయితే జలాంతర్గాములు పొంచి ఉన్న సముద్రంలో ఓడను ఆపడమంటే ఎదుట గురిబల్ల నిలిపినట్లే. సముద్రం కాస్త పొంగినా ఫ్లోటులు విరిగేవి.

ఈ చిక్కు తొలగించడానికే ముందుభాగాన వేదిక కట్టినది. పట్టాలమీద నడిచే చిన్న బండిపై నీటివిమానాన్ని నిలిపి, ఓడ నడుస్తూండగానే దానిని పరుగెత్తించి గాలిలోకి లేపవలెనని ఉద్దేశం. అరవై అడుగులు చాలునా అని విద్యార్థులకు సందేహం కలుగవచ్చును. లెక్క వేసి చూడవచ్చును.

ఒక విమానం గాలిలో 45 నాట్‌ల వేగం అందుకొంటే లేస్తుందనుకొందాము. ఇక్కడ గమనించవలసినది, వేగం గాలిని బట్టి లెక్కకు రావలెనేగాని డెక్కును బట్టి కాదు. ఓడ 20 నాట్‌ల వేగంతో గాలికి ఎదురుగా పోతున్నది. ఎదురుగాలి వేగం 10 నాట్‌లు. అప్పుడు డెక్కుమీద కదలక నిలిచిన విమానానికే 30 నాట్‌ల గాలి తగులుతున్నది. ఇక అది స్వయంగా సంపాదించవలసినది 15 నాట్‌లే, అనగా మొత్తంలో మూడవ వంతు. సమత్వరణంతో నడిచే వస్తువు పోయిన దూరం వేగవర్గానికి అనుపాతంలో ఉంటుంది గనుక పరుగు దూరం మూడవ వంతుకు కాదు, తొమ్మిదవ వంతుకు తగ్గుతుంది. నిశ్చలమైన నేలమీద 540 అడుగులు పరుగెత్తవలసిన విమానానికి ఇక్కడ 60 అడుగులు చాలును. ప్రయాణికుల ఓడలోని వేగం విమానానికి ఎట్లు పనికివచ్చినదో దీనివలన స్పష్టం. ఈ సూత్రం పాతబడలేదు. 1961లో మన నౌకాదళంలో చేరిన మొదటి ‘విక్రాంత్’కు ఆవిరి బలంతో విమానాలను విసిరే యంత్రమున్నా, విమానాలను వదిలేటప్పుడు గాలికి ఎదురుగా తిరిగేది. 2022లో చేరిన కొత్త ‘విక్రాంత్’కూడా అట్లే చేయవలె.

లెక్క సరిపోయినంతమాత్రాన పని నెరవేరదు. 1915 మే నెలలో ఉత్తర సముద్రంలో సాప్‌విత్ ష్నైడర్ రకపు చిన్న విమానాన్ని వేదికమీదనుండి ఎగురవేయబోగా ఇంజను ఎదురుతన్ని స్టార్టరు పాడైనది. విమానం కదలనే లేదు. ఈ విద్యలో మొదటి పేరు బెన్-మై-క్రీకి దక్కలేదు. అదే కంపెనీవారి మరొక ప్రయాణికుల ఓడ ‘వైకింగ్’కు దక్కినది. దానిని కూడా నౌకాదళం తీసుకొని ‘విండెక్స్’ అని పేరు మార్చినది. చక్రాలున్న చిన్న బ్రిస్టల్ విమానమొకటి 1915 నవంబరు 3న విండెక్స్ వేదికమీదనుండి లేచినది. లేచినదేగాని తిరిగి వాలడానికి చోటులేదు, నీటిలోనే దిగవలసివచ్చినది. విమానానికి విమానం నష్టమే! ఓడమీద వాలే ఏర్పాటు మరికొన్నేళ్లకుగాని కుదరలేదు.

గాలినుండి దిగిన టార్పెడో

1915 జూనులో బెన్-మై-క్రీ మధ్యధరా సముద్రానికి చేరినది. అప్పుడు డార్డనెల్స్ జలసంధికోసం గల్లిపోలీ ద్వీపకల్పంమీద బ్రిటిష్, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫ్రెంచి, భారతీయ సైనికులు ఒకవైపు, తుర్కీ సైనికులు ఒకవైపు పోరాడుతున్నారు. తుర్కులకు ఆహారం, మందుగుండు చాలవరకు మర్మరా సముద్రంగుండా ఓడలమీద వచ్చేవి. ఆ సముద్రంలోకి బ్రిటిష్ నౌకలు పోలేవు. జలాంతర్గాములు మాత్రమే ప్రాణాలకు తెగించి దూరేవి. గాలిలోనుండి పోయి టార్పెడో వేయవచ్చునేమోనని ఆలోచన కలిగినది. అంతవరకు యుద్ధంలో ఎవరూ అట్లు చేయలేదు.

టార్పెడో అంటే నీటిలో తనంతతాను ఈదే బాంబు. దానిలో మందుగుండు ఒక భాగమేగాని అసలు నేర్పంతా మిగిలిన భాగాలలో ఉన్నది. సంపీడితమైన గాలి దాని ఇంజనును నడుపుతుంది. వేగంగా తిరిగే గైరోస్కోపు దిక్కు తప్పకుండా చూస్తుంది. లోతును నిలిపే ఏర్పాటు మరీ చక్కనిది. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుందని విద్యార్థులు చదివియున్నారు. టార్పెడోలో ఒక పలుచని బిళ్లకు ఒకవైపు నీటి పీడనం, రెండవవైపు స్ప్రింగు. టార్పెడో నిర్ణయించిన లోతుకంటె క్రిందికి పోతే నీరు గెలిచి బిళ్ల లోపలికి వంగుతుంది. పైకి వస్తే స్ప్రింగు గెలుస్తుంది. బిళ్ల కదలికనుబట్టి చుక్కాని పైకో క్రిందికో తిరుగుతుంది. అయితే ఈ ఒక్క ఏర్పాటే ఉంటే టార్పెడో కావలసిన లోతు దాటి క్రిందికి, మరల దాటి పైకి, చేప ఎగిరెగిరి పడినట్లు పోతుంది. అందుకు విరుగుడుగా లోపల ఒక లోలకం వ్రేలాడుతుంది. ముక్కు ఎంత వంగినదో అది కనిపెట్టి, చుక్కాని అతిగా తిరుగకుండా అడ్డుపడుతుంది.

ఇట్టి వస్తువును విమానంనుండి వదలాలంటే నీటికి చాలా దగ్గరగా రావలె. ఎత్తునుండి వదిలితే ముక్కు నిలువుగా దిగి అడుగుకు పోతుంది. లేదా దెబ్బకు లోపలి యంత్రం చెడుతుంది. అంతకుముందే మరొక చిక్కున్నది. 14 అంగుళాల టార్పెడో బరువు సుమారు 800 పౌన్లు. ఇంజను బలం 225 అశ్వశక్తి. బరువు పెరిగినకొలది ఫ్లోటులు నీటిలో మునుగుతాయి. మునిగినకొలది నీటి నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగినకొలది లేచేందుకు కావలసిన వేగం అందదు. అద్దంవంటి నిశ్చలమైన నీరు మంచిదనుకొంటే అది పొరపాటు. నున్నని నీరు ఫ్లోటును అంటిపెట్టుకొని వదలదు. చిన్న అలలుంటే నడుమ గాలి దూరి పట్టు వదులుతుంది. దీనికి తోడు ఆగస్టు ఎండ. గాలి సాంద్రత దాని పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉంటుంది. ఇంగ్లండులో 10 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్న గాలి, ఇక్కడ 35 డిగ్రీలైతే 308కి 283 చొప్పున, అనగా నూటికి ఎనిమిది వంతులు పలుచబడుతుంది. రెక్కలక్రింద గాలి పలుచనయినది. ఇంజను పీల్చే గాలికూడా పలుచనయినది. చల్లని దేశంలో అతికష్టంమీద లేచిన విమానం ఇక్కడ లేవకపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

పరిష్కారం ఒక్కటే: బరువు తగ్గించడం. 1915 ఆగస్టు 12న ఛార్లెస్ ఎడ్మండ్స్ అనే వైమానికుడు తోడు మనిషిని దింపివేసి, ముప్పావు గంటకు మాత్రం సరిపడే పెట్రోలు పోసుకొని ఒంటరిగా బయలుదేరాడు. బులేర్ వద్ద ఇరుకైన భూభాగాన్ని దాటి మర్మరా సముద్రంమీదికి పోయాడు. తీరాన ఒక తుర్కీ ఓడ కనిపించినది. నీటికి 15 అడుగుల ఎత్తుకు దిగి టార్పెడో వదిలాడు. అది ఓడకు తగిలి పేలినది. విమానంనుండి టార్పెడోతో ఓడను కొట్టడం ప్రపంచంలో అదే మొదలు. ఆ ఓడను అంతకుముందే ఒక బ్రిటిష్ జలాంతర్గామి దెబ్బతీసిందనీ, తుర్కులు దానిని తీరపు మెరకమీదికి ఎక్కించి ఉంచారనీ తరువాత తెలిసినది. చచ్చిన పామును కొట్టినట్లయినదని కొందరు తేలికచేయవచ్చును. కాని పద్ధతి సాధ్యమని తేలినది గదా!

ఐదు రోజుల తరువాత జరిగినది మరీ చిత్రం. ఆగస్టు 17న ఎడ్మండ్స్ మరొక ఓడను కొట్టాడు. అతని వెంట వచ్చిన జార్జి డేకర్ విమానం ఇంజను చెడి శత్రువుల నీటిలోనే దిగవలసివచ్చినది. ఎదురుగా ఒక తుర్కీ టగ్గు కనబడినది. డేకర్ విమానాన్ని పడవవలె నీటిమీదనే నడుపుకొనిపోయి టార్పెడో వదలి ఆ టగ్గును ముంచాడు. 800 పౌన్ల బరువు వదలిన విమానం తేలికపడినది. ఇంజను అంతంతమాత్రంగా పనిచేస్తున్నా, నీటిమీద చాలాదూరం పరుగెత్తి పైకి లేచి అతడు తిరిగివచ్చాడు. బరువుకు, లేచే శక్తికి ఉన్న సంబంధానికి ఇంతకంటె మంచి ప్రయోగం తరగతిలో చూపడం కష్టం.

విజయం ఇంతటితో ఆగినది. టార్పెడో మోసి లేవడం ఏ కొద్దిసార్లో తప్ప కుదరలేదు. విమానాలు ఎక్కువగా గూఢచర్యకు, యుద్ధనౌకల ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నవో చూచి చెప్పడానికి ఉపయోగపడ్డాయి. ఓడ చేసిన మంచిపనులలో ఒకదానికి విమానాలతో సంబంధమే లేదు. 1915 సెప్టెంబరు 2న ఆస్ట్రేలియా సైనికులతో వస్తున్న ‘సౌత్‌లాండ్’ అనే ఓడను లెమ్నోస్ ద్వీపం సమీపాన జర్మన్ జలాంతర్గామి కొట్టినది. బెన్-మై-క్రీ పరుగున పోయి 800 మందికి పైగా మనుషులను తనమీదికి ఎక్కించుకొన్నది. ప్రయాణికులను ఎక్కించుకొనడం దానికి కొత్త విద్య కాదు.

పోర్ట్ సయీదునుండి

గల్లిపోలీనుండి సైన్యాలు వైదొలగిన తరువాత, 1916లో ఓడ ఈజిప్టులోని పోర్ట్ సయీదు రేవును స్థావరం చేసుకొన్నది. ఫిబ్రవరిలో మరొక ఓడ ఢీకొనగా ముక్కు చితికి, మరమ్మతుకు సూయజ్‌లో కొంతకాలం నిలిచిపోయినది. అక్కడ దానితో పాటు ‘ఆన్’, ‘రేవెన్ 2’ అనే రెండు విమానాల ఓడలుండేవి. అవికూడా వర్తక నౌకలే. పైగా బ్రిటిష్‌వి కావు. ‘ఏన్నె రిక్మర్స్’, ‘రాబెన్‌ఫెల్స్’ అనే జర్మన్ సరకుల ఓడలు యుద్ధారంభంలో పోర్ట్ సయీదులో చిక్కుపడగా బ్రిటిష్‌వారు పట్టుకొని ఈ పనికి పెట్టారు. శత్రువు ఓడ శత్రువుమీదికే విమానాలను మోసినది.

1916 మే నెలలో బెన్-మై-క్రీ నాయకత్వం ఛార్లెస్ శామ్సన్ వహించాడు. నడుస్తున్న ఓడమీదనుండి మొదట విమానాన్ని ఎగురవేసిన వాడితడే. అది 1912 మేలో ‘హైబర్నియా’ అనే యుద్ధనౌకమీద జరిగినది. అతని చేతిలో ఓడ ఒకచోట నిలువలేదు. జూనులో ఎర్రసముద్రం దాటి ఏడెన్ వద్ద తుర్కీ శిబిరాలమీద బాంబులు వేసినది. అదే నెలలో జెడ్డా పట్టణంవద్ద అరబ్బుల తిరుగుబాటుకు సాయపడినది. ఆగస్టు 25న మూడు ఓడల విమానాలు కలిసి పాలస్తీనాలోని అఫూలే రైలు జంక్షన్‌మీద పడ్డాయి. డిసెంబరు 27న అదానా దగ్గర చికల్దెరె రైలు వంతెనమీద దాడి జరిగినది. శత్రువు ఎక్కడ ఎదురుచూస్తాడో అక్కడ ఉండకపోవడమే ఈ ఓడకు రక్ష. ఉదయం ఒకచోట విమానాలను దింపి, మధ్యాహ్నానికి కనుచూపు మేర దాటిపోయేది. కవచంలేని ఓడకు వేగమే కవచం.

కాస్తెలొరిజో

ఆ కవచం ఒక్కపూట తొలగినది. 1917 జనవరి 11న బెన్-మై-క్రీ కాస్తెలొరిజో అనే చిన్న ద్వీపపు రేవులో లంగరు వేసినది. ద్వీపం ఫ్రెంచివారి అధీనంలో ఉన్నది. ఎదుటి తుర్కీ తీరానికి దూరం రెండు కిలోమీటర్లు మాత్రమే. ఆ తీరంలో కొండలమీద ముస్తఫా ఎర్తుగ్రుల్ అనే తుర్కీ అధికారి ఫిరంగులను రహస్యంగా ఎక్కించి ఉంచాడని ఓడలోనివారికి తెలియదు. విమానాలతో తీరాన్ని పరిశీలించడానికే వారు వచ్చినది. అవి లేవకముందే ఫిరంగులు మ్రోగాయి.

కొండమీదినుండి చూచేవానికి రేవులోని ఓడ బల్లమీది బొమ్మవంటిది. గురి కుదరడానికి ఎంతోసేపు పట్టలేదు. గుండు విమానాల షెడ్డుమీద పడినది, పెట్రోలు అంటుకొన్నది.

యుద్ధనౌకకు గుండు తగిలితే కవచం కొంత ఆపుతుంది. ప్రయాణికుల ఓడ పక్కలు నీటిని ఆపగలవేగాని గుండును ఆపవు. అంతకంటె పెద్ద అపాయం పెట్రోలు. బొగ్గు మండాలంటే ముందు బాగా వేడెక్కవలె. ఓడలో టన్నులకొలది బొగ్గున్నా గుండు తగిలిన క్షణాన అది భగ్గుమనదు. పెట్రోలు సంగతి వేరు. సున్న డిగ్రీలకంటె చాలా క్రిందికి చల్లబడినా అది నిప్పురవ్వకు అంటుకొనేటంతటి ఆవిరిని విడుస్తూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటె బరువైనది గనుక పైకి ఎగిరిపోదు. డెక్కులమీద పాకి, మెట్లవెంట దిగి, క్రింది గదులలో చేరుతుంది. గాలిలో నూటికి రెండు వంతులున్నా చాలును, మండుతుంది. 1908లో ఓడను తయారుచేసినవారికి ఈ భయం లేదు. ప్రయాణికుల పెట్టెలలో పెట్రోలు ఉండదు గదా! ఓడ మారినది గాని దాని ఎముకలు మారలేదు. ఈ అనుభవాలు ముందుముందు విమానవాహక నౌకలు నిర్మించేవారికి పాఠాలయ్యాయి. నేడు అట్టి నౌకలమీద వాడే జెట్ ఇంధనం కనీసం 60 డిగ్రీలకు వేడెక్కితేగాని అంటుకొనే ఆవిరి విడువకుండా ప్రత్యేకంగా తయారవుతున్నది.

మంటల నడుమ ఓడను కదిలించి రేవు దాటించే ప్రయత్నం ఫలించలేదు. గంట గడువకముందే శామ్సన్ ఓడను విడువవలసినదని ఆజ్ఞాపించాడు. సుమారు 250 మంది సిబ్బందిలో ఒక్కరైనా చనిపోలేదు. ఒక అధికారి, నలుగురు నావికులు గాయపడ్డారు. ఫిరంగులు మరి కొన్ని గంటలు మ్రోగుతూనే ఉన్నాయి. కాలిపోయిన ఓడ లోతు తక్కువైన రేవులోనే మునిగినది. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రువుల చేతిలో మునిగిన బ్రిటిష్ విమానాల ఓడలలో ఇదొకటి. దానిని ముంచినది మరొక నౌక కాదు, జలాంతర్గామి కాదు, విమానమూ కాదు. కొండమీద నిలిచిన ఫిరంగి. 24 నాట్‌ల వేగమున్న ఓడ ఆ వేళకు సున్న నాట్‌ల వేగంతో ఉన్నది.

యుద్ధానంతరం 1920లో ఓడను పైకి లేపి గ్రీసులోని పిరేయస్‌కు లాగుకొనిపోయారు. మరమ్మతుకు అందనంతగా చెడినదని తేలినది. 1923లో వెనిస్‌లో దానిని ముక్కలు చేశారు.

స్టీమ్ పాకెట్ కంపెనీ ఆ యుద్ధంలో నాలుగు ఓడలను పోగొట్టుకొన్నది. విండెక్స్ మాత్రం తిరిగివచ్చి, పాత పేరు వైకింగ్‌తో మరల ప్రయాణికులను మోసి, 1954లో విశ్రాంతి పొందినది. ప్రయాణికుల ఓడలకు, విమానాలకు ఏర్పడిన ఈ చుట్టరికం మరికొంతకాలం సాగినది. పైన ఏ అడ్డమూ లేని చదునైన డెక్కుతో, విమానాలు లేవనూ వాలనూ వీలైన మొదటి నౌక ‘ఆర్గస్’ 1918 సెప్టెంబరులో బ్రిటిష్ నౌకాదళంలో చేరినది. అదికూడా ‘కాంటె రోస్సో’ అనే పేరుతో ఇటలీ కంపెనీ ఒకటి ప్రయాణికుల కొరకు కట్టించుకొంటూండగా యుద్ధంవలన సగంలో నిలిచిపోయిన ఓడే.

మాన్ ద్వీపపు కంపెనీ 1927లో నాలుగవ బెన్-మై-క్రీని కట్టించినది. దానికీ పిలుపు వచ్చినది. 1940లో డన్‌కర్క్ తీరంనుండి అది నాలుగు వేలమందికి పైగా సైనికులను ఇంగ్లండు చేర్చినది.